గోళీ పరుగు, త్వరణం లెక్క

ఫ్లోరెన్స్, ఇటలీ

అప్పకు నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ నేను క్షేమం. బావగారూ, పిల్లలూ, నువ్వూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. త్వరణం పాఠం పిల్లలకు ఎంత చెప్పినా ఎక్కడం లేదనీ, మీటర్ల కింద సెకన్లు రెండుసార్లు ఎందుకు వస్తాయని పెద్దవాడు పదేపదే అడుగుతున్నాడనీ అన్నావు. ఫోనులో తేలే సంగతి కాదు గనుక ఉత్తరం రాస్తున్నాను. ఇద్దరినీ కూర్చోబెట్టి చదివి వినిపించు.

ముందుగా వేగం వేరు, త్వరణం వేరు అని తెలియాలి. విజయనగరం నుంచి ఆమదాలవలస వచ్చే రైలు తిన్నని పట్టాల మీద, గంటకు 90 కిలోమీటర్ల వేగంతో ఒకే తీరున పోతూ ఉంటే దాని త్వరణం సున్నా. అదే రైలు స్టేషనులో కదిలేటప్పుడు వీపు సీటుకు ఆనుకుంటుంది, ఆగేటప్పుడు ఒళ్లు ముందుకు తూలుతుంది, వంపు తిరిగేటప్పుడు పక్కకు ఒరుగుతుంది. వేగం పెరిగినా, తగ్గినా, దిశ మారినా త్వరణం ఉన్నట్టే.

ఇక పెద్దవాడి ప్రశ్న. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో ఆగి ఉన్న బస్సు కదిలి, 10 సెకన్లలో గంటకు 36 కిలోమీటర్ల వేగం, అంటే సెకనుకు 10 మీటర్ల వేగం అందుకుందనుకుందాం. ప్రతి సెకనుకూ దాని వేగం సెకనుకు 1 మీటరు చొప్పున పెరిగింది. ఒక సెకను వేగాన్ని చెప్పడానికి, ఇంకొకటి ఆ వేగం ఎంతసేపట్లో మారిందో చెప్పడానికి. సూత్రం కన్నా ముందు ఈ వాక్యం వాళ్ల చేత చెప్పించు.

కొలవడం ఎలాగో ఈ ఊళ్లోని గెలీలియో మ్యూజియంలో కళ్లారా చూడవచ్చు. పందొమ్మిదో శతాబ్దపు తొలినాళ్లలో చేసిన పొడవాటి కొయ్య వాలుబల్ల ఒకటి అక్కడ ఉంది. దాని పొడవునా చిన్న చిన్న గంటలు బిగించారు. కిందికి పోయేకొద్దీ గంటల మధ్య ఎడం పెరుగుతుంది, అయినా దొర్లుతూ వచ్చే గుండు తాకినప్పుడు అవి సమాన వ్యవధిలో మోగుతాయి, ఎందుకంటే ఆ దూరాలు 1, 3, 5, 7 అనే బేసిసంఖ్యల వరసలో ఉంటాయి. నిటారుగా పడే వస్తువు కంటికి అందదు గనుక గెలీలియో దాన్ని వాలు మీద నెమ్మదింపజేసి, సన్నని గొట్టంలోంచి కారిన నీటిని తూచి కాలాన్ని లెక్కగట్టాడు. ఆ వివరం 1638లో అచ్చయిన ఆయన గ్రంథంలో ఉంది. సరైన గడియారం లేని రోజుల్లో ఇంత ఓర్పుగా కొలిచిన మనిషి మీద నాకు ఎనలేని గౌరవం.

ఇదే ప్రయోగం మన ఇంట్లోనూ చేయవచ్చు. ఎలక్ట్రికల్ కొట్టులో దొరికే వైరింగు కేసింగును, అంటే కరెంటు తీగలు దాచే ప్లాస్టిక్ కాలువను, బల్ల చెక్క మీద తిన్నగా పరిచి, పైనుంచి 10, 40, 90, 160 సెంటీమీటర్ల దగ్గర గీతలు గీయండి. చివరి గీతకన్నా పైకొస సుమారు 5 సెంటీమీటర్లు ఎత్తుండాలి. గోడగడియారం టిక్కుమన్నప్పుడు గోళీని నెట్టకుండా వదిలి, తర్వాతి ప్రతి టిక్కుకూ అది ఒక్కో గీత దాటేలా ఎత్తును కొద్దికొద్దిగా సవరించండి. కుదిరిన తర్వాత దూరాన్ని రెట్టింపు చేసి, కాలం వర్గంతో భాగించాలి: 3.2 మీటర్లను 4 సెకన్ల వర్గం 16తో భాగిస్తే 0.2. అంటే ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 0.2 మీటర్ల చొప్పున పెరిగింది. అదే ఆ గోళీ త్వరణం.

బావగారి ఫోనులో కూడా త్వరణం కొలిచే చిప్పు ఉంటుంది. అందులో సన్నని సిలికాన్ స్ప్రింగులకు కట్టిన అతి చిన్న ముక్క ఎంత జరిగిందో విద్యుత్తు ద్వారా తెలుస్తుంది. ఫోను బల్ల మీద కదలకుండా ఉన్నా అది సుమారు 9.8 (సెకనుకు సెకనుకు మీటర్లలో) చూపిస్తుంది. అది తప్పు కాదు, బల్ల ఫోనును పైకి మోస్తున్న సంగతిని ఆ ముక్క పట్టుకుంటుంది. పరుపు మీదికి జారవిడిస్తే గాలిలో ఉన్న ఆ క్షణం సున్నాకు దగ్గరగా వస్తుంది.

మొదటి కొలత కుదిరాక వాలు ఎత్తును రెట్టింపు చేసి, 160 సెంటీమీటర్లకు ఎంతసేపు పట్టిందో చిన్నదాన్ని కొలవమను. రెండు సెకన్లు పడుతుందని అనుకుంటుంది, కానీ సుమారు 2.8 వస్తుంది. ఎందుకో ఇద్దరూ ఆలోచించి, లెక్కతో సహా నాకు జాబు రాయాలి.

ఇట్లు,
నీ తమ్ముడు