ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) ఛైర్మన్ గారికి: ఫోన్ తరంగాల వేలానికి ముందు ఉత్తుత్తి వేలం ఆడించి చూడండి

అయ్యా, నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా, కళింగపట్నం దగ్గర. మా ఒడ్డున చేపల పాటలో కొనేవాళ్లు నలుగురుంటే ధర దానంతటదే లేస్తుంది. ఇద్దరే వస్తే కళ్లతోనే మాట్లాడేసుకుంటారు. మొదటి పాటే మరీ ఎక్కువ చెబితే గంప కదలదు. చేపయితే ఎండబెట్టుకుంటాం. ఫోన్ సిగ్నల్ మోసే తరంగాల్ని, అదే స్పెక్ట్రమ్‌ని, ఎండబెట్టలేం కదండీ, వాడని రోజు పోయినట్టే.

2016లో 700 మెగాహెర్ట్జ్ బ్యాండుకు, అంటే ఆ తరంగాల్లో ఒక ముక్కకు, ఒక్కో మెగాహెర్ట్జ్‌కి దేశం మొత్తానికి 11,485 కోట్ల రూపాయల కనీస ధర పెట్టారు. ఒక్కరూ పాడలేదు. 2021లో తగ్గించినా అంతే. 2022లో 3,927 కోట్లకు దించాక ఒకే ఒక్క కంపెనీ కొంది, అదీ కనీస ధరకే. దూరం పోయే, గోడలు దాటే బ్యాండు ఆరేళ్లు ఖాళీగా పడుంది. మందస కొండల వైపు చుట్టాలింటికెళ్తే నేను సిగ్నల్ కోసం గట్టు ఎక్కిన సంవత్సరాలే అవి.

కాబట్టి ధర సిఫారసు చేసే ముందు కంప్యూటర్‌లో వేలం ఆడించండి. డబ్బు, అప్పు, చేతిలో ఉన్న బ్యాండ్లు వేర్వేరుగా ఉన్న పాటదారులను పెట్టండి. ఇద్దరితో, ముగ్గురితో, నలుగురితో వేలసార్లు నడపండి. ఏ ధర దగ్గర సరుకు మిగిలిపోతోంది? ఎంతమంది తగ్గితే పోటీ చచ్చిపోతోంది? ఆ భారం చివరికి రీఛార్జి మీద ఎంత పడుతోంది?

ఇంకొకటి. హైదరాబాదు, మా కొండలు ఇప్పటికీ ఒకే సర్కిల్, అంటే స్పెక్ట్రమ్ అమ్మే ఒకే ప్రాంతం. లెక్కలో వాటిని విడదీసి చూడండి. మీరు పెట్టుకున్న ఊహలన్నీ ఫలితాలతోపాటు బయటపెట్టండి, తప్పులు మేమూ పట్టుకుంటాం.

ఇట్లు,
కళింగపట్నం వైపు ఒక ప్రీపెయిడ్ వినియోగదారుడు