సాయంత్రానికి ఇంటికి పంపారు సరే, ఆ తర్వాతి లెక్క ఎవరి దగ్గరుంది?

సంపాదకులకు నమస్కారం.

పొద్దున ఆపరేషన్, సాయంత్రానికి ఇల్లు. శుక్లం, హెర్నియా, వరిబీజం, పైల్స్, కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్లు ఇప్పుడు చాలాచోట్ల ఇలాగే అయిపోతున్నాయి. నేను ఆపరేషన్ థియేటర్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయినదాన్ని, ఈ పద్ధతి మంచిదనే అంటాను. పేషెంటుకి ఆసుపత్రిలో అంటుకునే ఇన్ఫెక్షన్ల భయం తగ్గుతుంది, ఇంకొకరికి మంచం దొరుకుతుంది, తోడుగా వచ్చినవాళ్ళ కూలి నాలుగు రోజులు పోకుండా ఉంటుంది. నా బాధంతా ఆ మనిషి గేటు దాటాక ఏమైందో రాసుకునే ఏర్పాటు మన దగ్గర సరిగా లేదనే.

థియేటర్ రిజిస్టర్లో పేరు, వయసు, ఏ ఆపరేషన్, సర్జన్ ఎవరు, మత్తు డాక్టర్ ఎవరు, ఎన్నింటికి మొదలై ఎన్నింటికి అయింది, ఇవన్నీ ఉంటాయి. డిశ్చార్జి కాగితం మీద 'పరిస్థితి నిలకడగా ఉంది' అని ఉంటుంది. అదే మనిషికి రాత్రి పదకొండింటికి కుట్ల దగ్గర రక్తం కారినా, ఒంటేలు రాక పొట్ట ఉబ్బినా ముప్పై కిలోమీటర్లు వెనక్కి వస్తాడా? ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి పోతాడు, లేదంటే దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కి పోతాడు, అక్కడ అది కొత్త కేసుగా రాసుకుంటారు. ఆపరేషన్ చేసిన చోట మాత్రం తిరిగి రాలేదు కాబట్టి బాగున్నాడనే అనుకుంటారు. సర్జన్ మంచివాడే, స్టాఫ్ కష్టపడ్డవాళ్ళే, కానీ తమ పనిలో తప్పు ఎక్కడుందో వాళ్ళకి తెలిసే దారి లేదు.

ఇబ్రహీంపట్నం గుర్తుందా? 2022 ఆగస్టు 25న అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్కరోజే 34 మంది ఆడవాళ్ళకి డీపీఎల్ ఆపరేషన్లు (పొట్టకి చిన్న గాట్లు పెట్టి, కెమెరా గొట్టంతో చేసే కు.ని. ఆపరేషన్లు) చేశారు, రోజుల వ్యవధిలో నలుగురు చనిపోయారు, మిగతావాళ్ళని హడావిడిగా హైదరాబాద్ ఆసుపత్రులకి తరలించారు. అంతకుముందు 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే క్యాంపులో 83 మందికి చేస్తే పది మందికి పైగా చనిపోయారు. ఒక టీము రోజుకి 30కి మించి చేయకూడదని, 48 గంటల్లోపు ఒకసారి, ఏడో రోజు ఇంకోసారి చూడాలని కేంద్రం నిబంధనలు ఎప్పటినుంచో ఉన్నాయి. 2016లో సుప్రీంకోర్టు కూడా ఈ క్యాంపులు మూడేళ్ళలో ఆపాలని, క్వాలిటీ కమిటీల రిపోర్టులు ప్రజలకి కనపడేలా పెట్టాలని చెప్పింది. అంటే నిబంధనలకి కొదవ లేదు, లేనిది కబుర్లన్నీ ఒక్కచోట చేరే ఏర్పాటే. ఫలానా రోజు చేసినవాళ్ళలో ముగ్గురికి జ్వరం, ఇద్దరికి వాంతులు అనే కబురు అదే రోజు ఒక్కచోట చేరితే పై అధికారికి వెంటనే అనుమానం వస్తుంది, మిగతా వాళ్ళని అప్పుడే పిలిపించి చూస్తారు. ఎవరికి వాళ్ళుగా వేరువేరు ఆసుపత్రుల్లో చేరితే అది ఎవరికీ కనపడదు.

అసలు ఇలా త్వరగా ఇంటికి పంపే ఈ 'డే కేర్' అంటే ఏమిటో కూడా అందరిదీ ఒకే లెక్క కాదు. ఇంగ్లండ్‌లో ఏ తేదీన చేరితే అదే తేదీన ఇంటికెళ్ళాలి, రాత్రి ఉంటే డే సర్జరీ కాదు. మన ఇన్సూరెన్స్ వాళ్ళకి 24 గంటల్లోపు అయితే చాలు. సాయంత్రం నాలుగింటికి చేరి మర్నాడు పదింటికి వెళ్ళిన హెర్నియా పేషెంటు ఇక్కడ డే కేర్, అక్కడ కాదు. ఇలా ఉంటే ఒక ఆసుపత్రిని ఇంకో ఆసుపత్రితో ఏం పోలుస్తాం? పైగా సాయంత్రం పంపేద్దామనుకున్న మనిషి వాంతులతో రాత్రికి ఉండిపోతే చాలాచోట్ల అది మామూలు ఇన్‌పేషెంట్ కేసు కింద మారిపోతుంది, అసలు పట్టుకోవాల్సిన ఇబ్బందే లెక్కలోంచి జారిపోతుంది. అందుకే ముందు ఏమనుకుని చేర్చుకున్నారో రాయాలి, తర్వాత ఏం జరిగిందో రాయాలి.

పెద్ద జాబితా అక్కర్లేదు. ఆస్ట్రేలియా లాంటి చోట్ల ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నవి కొన్నే: తేదీ ఇచ్చాక ఎంతమందికి ఆపరేషన్ రద్దయింది, మళ్ళీ థియేటర్లోకి ఎంతమందిని తీసుకెళ్ళాల్సి వచ్చింది, అనుకోకుండా రాత్రికి ఎంతమంది ఉండిపోయారు. దీనికి మర్నాటి ఫోన్ ఒకటి కలపండి: నొప్పి తగ్గిందా, తిన్నారా, ఒంటేలు వచ్చిందా, జ్వరం ఉందా. పావుగంట పని కూడా కాదు. శుక్లాలకైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏనాడో కొలత చెప్పింది, ఆపరేషన్ తర్వాత కనీసం 80 శాతం మందికి 6/18 (మంచి కంటికి 18 మీటర్ల నుంచి కనపడేది 6 మీటర్ల నుంచి కనపడటం) లేదా అంతకన్నా మంచి చూపు రావాలి, 6/60 కన్నా తక్కువ చూపు 5 శాతం మందికి మించకూడదు. మన క్యాంపుల బ్యానర్ల మీద మాత్రం ఎన్ని ఆపరేషన్లు చేశారో ఉంటుంది, ఎంతమందికి చూపొచ్చిందో ఉండదు. ఇది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

కంప్యూటర్లు లేవనడానికి వీల్లేదు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది, ముందస్తు అనుమతి, ఫోటోలు, డిశ్చార్జి సమ్మరీ, క్లెయిము అన్నీ ఆన్‌లైన్లోనే నడుస్తున్నాయి. డబ్బు ఎక్కడికి పోయిందో అంత పక్కాగా రాసుకునే చోట, మనిషి ఏమయ్యాడో రాసే నాలుగు గడులు పెట్టలేమా? 14 అంకెల ఆభా నంబర్ (కేంద్రం ఇచ్చే ఆరోగ్య గుర్తింపు సంఖ్య) కూడా ఇప్పుడు చాలామందికి ఉంది. ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ అయి ఇంకో ఆసుపత్రిలో చేరిన మనిషిని ఆ నంబరుతో కలిపి చూడొచ్చు. ఇంగ్లండ్‌లో ఇంటికి పంపిన 30 రోజుల్లో ఏ ఆసుపత్రిలో అర్జెంటుగా చేరినా మొదటి ఆసుపత్రి లెక్కలోకి వచ్చేది ఇలాగే. ఊరి ఆర్ఎంపీ దగ్గర ఆగిపోయినవాళ్ళు దీంట్లో కూడా దొరకరు, వాళ్ళ కోసమే ఆ ఫోన్ కాల్. దయచేసి దీనికోసం ఏఎన్ఎంల మీద ఇంకో కొత్త యాప్ రుద్దకండి, ఉన్నవాటితోనే వాళ్ళు సతమతమవుతున్నారు.

అంకెలు బయటపెడితే ఆసుపత్రులు దాచేస్తాయని అంటారు. జరిగిన తప్పుని ఉన్నదున్నట్టు రాసినవాడికే మెమో ఇస్తే ఎవరైనా దాస్తారు. అందుకే మొదటి ఏడాది ఎవరికీ ర్యాంకులు ఇవ్వొద్దు, శిక్షలు వద్దు, ఎవరి లెక్క వాళ్ళకి చూపించండి. షుగరు, గుండె జబ్బు ఉన్న పెద్దవయసు వాళ్ళని తీసుకునే ప్రభుత్వ ఆసుపత్రిని, ఆరోగ్యవంతులనే ఏరుకునే సెంటరుతో నేరుగా పోల్చకండి.

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలనూ నేను అడిగేది ఇదే. ముందు ఒక్కో జిల్లాలో కు.ని., శుక్లం, హెర్నియా ఈ మూడింటికే మొదలుపెట్టండి, రాష్ట్రమంతా ఒకే నిర్వచనం రాసివ్వండి, మర్నాడు ఫోన్ చేయడానికి ప్రతి ఆసుపత్రిలో ఒక నర్సుకి డ్యూటీ టైములోనే గంట కేటాయించండి.

— రిటైర్డ్ స్టాఫ్ నర్సు, వరంగల్