బ్రేకులు మార్చుకోవడానికి ఒక సరైన దారి చూపండి

సంపాదకులకు నమస్కారం.

పాత కార్లకు వెనక చక్రాల డ్రమ్ బ్రేకులు (చక్రంతో తిరిగే డ్రమ్మును లోపలినుంచి షూలు ఒత్తి ఆపేవి) పీకేసి డిస్కులు (చక్రంతో తిరిగే పళ్లేన్ని రెండువైపులా నొక్కి ఆపేవి) బిగించడం ఈమధ్య గ్యారేజీల్లో తరచుగా చూస్తున్నాను. మారుతి 800, జెన్, అంబాసిడర్ లాంటి బండ్లను ముచ్చటపడి ఉంచుకున్నవాళ్లు, తుక్కుకింద విప్పేసిన పెద్ద కార్ల డిస్కులు, వాటిని నొక్కి పట్టే క్యాలిపర్లు తెచ్చి వేయించుకుంటున్నారు. సీట్లు మార్చినా, రంగు మార్చినా పోయేది వాళ్ల డబ్బే. బ్రేకుల సంగతి అలా కాదు, ఆ బండి ముందు రోడ్డు దాటేవాళ్ల ప్రాణం కూడా వాటి మీదే ఉంటుంది. రవాణా శాఖ ఈ విషయం పట్టించుకోవాలనే ఈ ఉత్తరం.

డిస్క్ బ్రేకు మంచిది కాదని నేననడం లేదు. ఐటీఐలో మోటార్ మెకానిక్ పిల్లలకు పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. డిస్కుకు గాలి బాగా తగులుతుంది కాబట్టి వేడి త్వరగా దిగుతుంది, వానలో తడిసినా త్వరగా ఆరుతుంది. తిరుమల ఘాట్ దిగేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. కానీ బ్రేకు తొక్కగానే బండి బరువు ముందుకు వాలి, వెనక టైర్ల మీద భారం తగ్గిపోతుంది. అప్పుడు ముందు చక్రాలకంటే వెనకవి ముందే బిగుసుకుంటే బండి వెనక భాగం పక్కకు తిరిగిపోతుంది. తడి రోడ్డు మీద దాన్ని అదుపు చేయడం ఎవరి తరమూ కాదు. అందుకే ముందు చక్రాలకు ఎంత పట్టు, వెనకవాటికి ఎంత అన్నది కంపెనీ లెక్కకట్టి, చాలా బండ్లలో వెనక్కి వెళ్లే ఒత్తిడిని తగ్గించే వాల్వు కూడా పెడుతుంది. డ్రమ్ములో చక్రం తిరిగే ఊపుకు ఒక షూ తనంతట తానే ఇంకా బిగుస్తుంది. డిస్కుకు ఆ గుణం లేదు. కాబట్టి డ్రమ్ము కోసం వేసిన లెక్క డిస్కుకు సరిపోదు. పైగా క్యాలిపర్ పిస్టన్ పెద్దదైతే పెడల్ తొక్కినప్పుడు బ్రేకులకు ఆయిల్ తోసే పాత మాస్టర్ సిలిండర్ పంపేది చాలక పెడల్ లోపలికి దిగిపోతుంది.

మొన్న తెలిసినవాళ్లు కొనబోతున్న ఒక పాత కారు చూడమంటే వెళ్లాను. వెనక డిస్కులు తళతళలాడుతున్నాయి. జాకీ వేసి లేపి కిందకు చూస్తే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ కొసలు రెండూ బైండింగ్ వైరుతో యాక్సిల్‌కి కట్టేసి ఉన్నాయి. బిగించిన క్యాలిపర్లలో హ్యాండ్‌బ్రేక్ ఏర్పాటే లేదు. లోపల లివర్ మాత్రం టకటకమంటూ పైకి లేస్తోంది. గేరులో పెట్టి ఆపుకుంటే చాలండీ అన్నారు అమ్మేవారు. కొనొద్దని గట్టిగా చెప్పి వచ్చాను. ఆ బండిని ఇంకెవరో కొనే ఉంటారు, అదే నా బాధ.

చట్టం లేక కాదు. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. ఆ ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. కాగితం మీద ఇంత కఠినంగా ఉంది. కానీ 15 ఏళ్లు దాటిన సొంత కారు రిజిస్ట్రేషన్ పొడిగించేటప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు ఛాసిస్ నంబరు, లైట్లు చూసి, నాలుగడుగులు నడిపించి ఆపమంటే ఏం తెలుస్తుంది? ఆ స్పీడులో ఎలాంటి బ్రేకుకైనా బండి ఆగుతుంది. చక్రాలను రోలర్ల మీద తిప్పి బ్రేకు పట్టు కొలిచే యంత్రం ఎక్కిస్తేనే ఏ చక్రం ఎంత పడుతోందో, హ్యాండ్‌బ్రేక్ పనిచేస్తోందో లేదో బయటపడుతుంది.

ఊరికే నిషేధం అంటే ఈ పని చాటుగా జరుగుతూనే ఉంటుంది. సీఎన్‌జీ కిట్‌కు ప్రభుత్వం ఒక దారి ఇచ్చింది కదా: పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థ పరీక్షించి ఒప్పుకున్న కిట్, అనుమతి ఉన్నచోట బిగింపు, ఆపైన ఆర్సీలో నమోదు. బ్రేకులకూ మోడల్ వారీగా అలాంటి ఏర్పాటే చేయాలి. పాత బండ్ల కోసం ఏ కంపెనీ కిట్ తయారుచేస్తుంది అంటారా? చేయకపోతే డ్రమ్ములనే ఉండనిద్దాం.

నిజానికి డిస్కులు కావాలని వచ్చే బండ్లలో చాలావాటికి డ్రమ్ములు బాగుచేస్తే సరిపోతుంది. డ్రమ్ములో షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరు కొద్దిగా వెనక్కి లాగి చూడండి, లోపల తడి ఉంటే ఆయిల్ కారుతున్నట్టే. షూ మీద ఉండే లైనింగు ఆ ఆయిల్ తాగితే పట్టదు, షూలు మార్చాల్సిందే. షూలకూ డ్రమ్ముకూ మధ్య సందు సరిచేసే అడ్జస్టర్ తుప్పుపడితే విప్పి శుభ్రం చేయాలి. డ్రమ్ము ఎంతవరకు అరగొచ్చో చాలావాటి మీద పోతపోసే ఉంటుంది, కొలిచి చూసుకోవాలి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. ఇంకో మాట, పాత లైనింగుల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. కుర్రాళ్లు దాన్ని కంప్రెసర్ గాలితో ఊదేస్తున్నారు, దయచేసి తడిగుడ్డతో తుడిపించండి.

రవాణా శాఖకు నా విన్నపం ఒక్కటే. పాత కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించే ముందు నాలుగు చక్రాల పట్టు, హ్యాండ్‌బ్రేక్ పట్టు రోలర్ మీద కొలిచి, ఆ అంకెల కాగితం యజమాని చేతికివ్వండి. యంత్రం లేని ఆఫీసుల్లో ముందు యంత్రం పెట్టించండి.

– ఒక విశ్రాంత ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్, విజయవాడ