మాంసకృత్తులంటే గ్రాముల లెక్కేనా?

ఎడిటర్ గారికి,

మొన్న ఆదివారం అనుబంధంలో ఏ పప్పులో ఎన్ని గ్రాముల మాంసకృత్తులున్నాయో పట్టిక వేశారు. బాగుంది, మా ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించారు కూడా. అయితే దాని కిందే ముడతలు పోగొట్టే కొల్లాజెన్ (చర్మంలో, ఎముకల్లో ఉండే ఓ మాంసకృత్తి) పౌడర్ ప్రకటన. మా చెల్లెలు అది చూసి డబ్బా తెప్పించుకుని, "అన్నయ్యా, పప్పులో కంటే ఇందులోనే ఎక్కువ గ్రాములున్నాయి" అంది. ముప్ఫై ఏళ్లు బయోకెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

మాంసకృత్తి అంటే 20 రకాల అమైనో ఆమ్లాలతో గుచ్చిన దండ. ఏవి ఎన్ని ఉన్నాయన్నది ఒక లెక్క, ఏ వరసలో ఉన్నాయన్నది అసలు లెక్క. కొన్ని చిన్న వరసలు వేరే వేరే పనులు చేసే మాంసకృత్తుల్లో కూడా మళ్లీ మళ్లీ కనిపిస్తాయి, వాటినే మోటిఫ్‌లంటారు. క్లాసులో ఈ మాట పిల్లలకి ఎక్కకపోతే పద్యం పట్టుకునేవాణ్ణి. ఉత్పలమాలలో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంలో ఒకే హల్లు రావాలి, ప్రాస తప్పితే పద్యం చెడుతుంది, మిగతా చోట్ల గణం, యతి కుదిరితే చాలు. మోటిఫ్ కూడా అలాగే, కొన్ని స్థానాల్లో పట్టు, మిగతా చోట్ల సడలింపు.

కొల్లాజెన్‌నే చూడండి. మూడు పోగులు తాడులా పెనవేసుకుని ఉంటాయి, ఒక్కో పోగులో వెయ్యికి పైగా అమైనో ఆమ్లాలు, ప్రతి మూడోది గ్లైసిన్. ఎందుకంటే తాడు మధ్యలో చోటు లేదు, అన్నిటికంటే చిన్నదైన గ్లైసిన్ తప్ప ఇంకేదీ పట్టదు. ఈ మూడు పోగుల అల్లిక సంగతి 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా చెప్పారు. ఆ వెయ్యిలో ఒక్క గ్లైసిన్ బదులు పెద్దది వచ్చి కూర్చుంటే చాలు, ముట్టుకుంటే విరిగే ఎముకలతో బిడ్డ పుట్టవచ్చు. ఇక పౌడర్ సంగతంటారా, పొట్టలోకి వెళ్లాక ఆ వరస ముక్కలు ముక్కలైపోతుంది. పేగులు పీల్చుకునేది విడి అమైనో ఆమ్లాల్ని, రెండు మూడు కలిసున్న తునకల్ని, అవి మళ్లీ మొహానికే వెళ్లి అతుక్కోవాలన్న రూలేమీ లేదు. పైగా మనకి తప్పనిసరైన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కొల్లాజెన్‌లో అసలే లేదు, గ్రాములు ఎన్నున్నా ఆ లోటు లోటే.

ఇంకో మోటిఫ్ గురించి చెప్పకపోతే మా భీమవరం వాళ్లు ఒప్పుకోరు. ఈ ఊళ్లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి, కణాలకి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని కనిపెట్టారు (అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు). ఆ ఏటీపీని మాంసకృత్తులు పట్టుకునే పిడి ఎలా ఉంటుందో 1982లో కేంబ్రిడ్జ్‌లో జాన్ వాకర్ బృందం గుర్తుపట్టింది: ఒక గ్లైసిన్, తర్వాత ఏవైనా నాలుగు, మళ్లీ గ్లైసిన్, లైసిన్, చివర సెరిన్ లేదా థ్రియోనిన్. యతిలో స కి శ చెల్లినట్టు ఇక్కడ సెరిన్‌కి థ్రియోనిన్ చెల్లుతుంది! కండరాన్ని కదిలించే మయోసిన్‌లో ఈ పిడి ఉంది. ఏటీపీ తోబుట్టువు జీటీపీని పట్టుకునే రాస్ అనే మాంసకృత్తిలోనూ ఉంది. రాస్‌లో ఆ "ఏవైనా నాలుగు" అన్నచోట, అంటే మొత్తం దండలో 12వ స్థానంలో, గ్లైసిన్ ఉంటుంది. మోటిఫ్ ప్రకారం అక్కడ ఏదున్నా పరవాలేదు, కానీ రాస్ పని ప్రకారం చాలా పరవా ఉంది, అది మారితే కణం పెరగమనే స్విచ్ ఆన్‌లోనే ఉండిపోతుంది. క్లోమం, ఊపిరితిత్తులు, పెద్దపేగు కాన్సర్లలో ఈ మార్పు తరచు కనిపిస్తుంది. 12లో మార్పు బయటపడింది కూడా 1982లోనే, ఆ గ్లైసిన్ సిస్టీన్‌గా మారినవాళ్ల ఊపిరితిత్తుల కాన్సర్‌కి సూటిగా పనిచేసే మందుకి అమెరికాలో అనుమతి రావడానికి మాత్రం 2021 దాకా పట్టింది.

ఇవన్నీ పట్టికలో పట్టవు, తెలుసు. కనీసం సైన్స్ పేజీలో వారానికో మాంసకృత్తి కథ వేయించండి, రాసేవాళ్లు మా కాలేజీల్లోనే బోలెడంత మంది ఉన్నారు.

డబ్బా పారేయనా అని మా చెల్లెలు అడిగింది. డబ్బులు పెట్టావుగా, అయ్యేదాకా తాగు, పక్కన ఓ ఉసిరికాయ కూడా తిను అన్నాను. కొల్లాజెన్ తాడు గట్టిపడాలంటే దానిలోని ప్రోలిన్‌కి సి విటమిన్ సాయం కావాలి, అది లేకే పాతకాలం నావికులకి చిగుళ్ల నుంచి నెత్తురు కారేది.

– ఒక రిటైర్డ్ లెక్చరర్, భీమవరం