షీట్ మార్చాను, ఛానెళ్లు మార్చలేదు: క్యాబినెట్లు తీసుకున్నవారికి ఒక వివరణ

గడిచిన నాలుగు నెలల్లో మా దగ్గర గ్యారేజీ వర్క్‌షాప్ క్యాబినెట్లు చేయించుకున్న వారిలో కొందరికి నాసిరకం ప్లైవుడ్‌తో చేసిన సరుకు వెళ్లింది. షీట్ తయారుచేసింది నేను కాదు. కానీ దానిని సరిగా చూడకుండా రంపం కిందికి పంపింది నేనే. ఈ సంగతి మరొకరి ద్వారా మీ చెవిన పడకముందే నేనే చెప్పాలని ఇది రాస్తున్నాను.

విషయం బయటపడింది ఒక పాత ఖాతాదారు వల్ల. మూడో సొరుగును పూర్తిగా బయటికి లాగితే ఎడమవైపు కిందికి వాలుతోందని ఆయన ఫోటో పంపారు. నేను చూసీ చూడకుండానే, బరువు ఎక్కువ పెట్టి ఉంటారని జవాబిచ్చాను. ఆయన నాతో వాదించలేదు. సొరుగులో ఉన్న చిత్రికలు, డ్రిల్లు, బిగింపు పనిముట్లు అన్నింటినీ తూచి లెక్క రాసి పంపారు. మొత్తం 31 కిలోలు వచ్చింది. సొరుగు ముందుకూ వెనక్కీ జరగడానికి రెండు పక్కలా మేము బిగించే లోహపు పట్టాల, అంటే ఛానెళ్ల, జతకు తయారీదారు చెప్పే సామర్థ్యం 45 కిలోలు. నా జవాబు తప్పని తేలిపోయింది. క్యాబినెట్‌ను వెనక్కి తెప్పించి, పక్క చెక్కను సరిగ్గా స్క్రూ దిగిన చోట నిలువునా కోశాను.

లోపల మూడో పొర దగ్గర నా చిటికెన వేలి గోరు దూరేంత బోలు ఉంది. ఛానెల్‌ను పక్క చెక్కకు పట్టి ఉంచే స్క్రూ పొడవు 16 మి.మీ.; 18 మి.మీ. షీట్‌లో దానికి అంతకు మించి చోటు ఉండదు. లోపలంతా గట్టి పొరలుంటే ఆ పొడవంతా చెక్కను పట్టుకుంటుంది. బోలులోకి దిగితే బయటి నాలుగైదు మిల్లీమీటర్లకే వేలాడుతుంది. సొరుగును చివరిదాకా లాగినప్పుడు బరువంతా ముందుకు వచ్చి ఛానెల్ ముందరి స్క్రూలను కిందికి నొక్కుతుంది కనుక, అవి కొద్దికొద్దిగా వంగి, తమ రంధ్రాలను తామే వెడల్పు చేసుకున్నాయి. మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాడు రెండు నెలల క్రితమే, కొన్ని స్క్రూలు పట్టు దొరకకుండా ఊరికే తిరుగుతున్నాయని నాతో అన్నాడు. బిగించే చెయ్యి ఇంకా కుదరలేదని అతన్నే కసిరాను. మొన్న అతనికి క్షమాపణ చెప్పుకున్నాను.

ఇక షీట్ సంగతి. మేము మొదటి నుంచి వాడేది బర్చ్ అనే గట్టి కలప పొరలతో చేసిన ప్లైవుడ్. 18 మి.మీ. మందంలో 13 పొరలుంటాయి. అంచున కోసి చూస్తే పొరలన్నీ ఒకే మందంతో గీతలు గీసినట్టు కనిపిస్తాయి. 2022లో రష్యా, బెలారస్ కలపపై ఆంక్షలు వచ్చిన తరువాత మంచి బర్చ్ దొరకడమే కష్టమైంది. పాత సరఫరాదారు చేతులెత్తేయడంతో కొత్తవారిని వెతుక్కున్నాను. వారు పంపిన నమూనా ముక్కలో ఎంత వెతికినా వంక దొరకలేదు. తరువాత వచ్చిన 40 షీట్లకు పై పొర మాత్రం అదే బర్చ్, అదే నునుపు. లోపల 13కు బదులు 9 పొరలు, మధ్యలో ఏదో మెత్తని తేలిక చెక్క, పొరల అతుకుల దగ్గర ఒకచోట ఖాళీ, మరొకచోట ఒకదానిపై ఒకటి ఎక్కిన ఉబ్బు. 1525 మి.మీ. చదరపు బర్చ్ షీట్ సుమారు 28 కిలోలు తూగాలి; ఇవి 23 దాటలేదు. తూచి ఉంటే దించుకున్న రోజే తెలిసేది. తూచలేదు.

సరఫరాదారుకు ఫోటోలు పంపితే వచ్చిన జవాబు నన్ను షీట్ కంటే ఎక్కువ బాధపెట్టింది. తమ సరుకు మరిగే నీటి పరీక్షకు నిలిచినదనీ, లోపం నా స్క్రూలలో ఉందనీ రాశారు. నేనూ ఒక ముక్కను రోజంతా ఉడకబెట్టి చూశాను, పొర విడలేదు. ఆ మాట నిజమే. కానీ ఆ పరీక్ష చెప్పేది జిగురు గురించి మాత్రమే. పొరలను అతికే, నీటికి విడిపోని ఫినాల్ జిగురు ఎంత గొప్పదైనా లేని చెక్కను అతికించలేదు కదా! నీటికి తట్టుకుంటుందన్న ముద్ర చూసి లోపలి పొరలు కూడా గట్టివని నమ్మడం కొనేవారు తరచు చేసే పొరపాటు. ఇన్నేళ్ల అనుభవం ఉన్న నేనూ అదే చేశాను. మూడుసార్లు ఉత్తరాలు నడిచాయి. చివరికి సగం షీట్లు వెనక్కి తీసుకుంటామన్నారు. ఆ సగమూ నాకు వద్దని రాసి ఆ ఖాతా మూసేశాను. అది వ్యాపారమా, పంతమా అని మా ఇంట్లో అడిగారు. పంతమే.

అసలు నన్ను మూడు వారాలు నిద్రపోనివ్వనిది వేరే ప్రశ్న. మిగిలిన షీట్లను ఏం చేయాలి? దారి ఒకటి లేకపోలేదు. పక్క చెక్కకు ఈ వైపు నుంచి ఆ వైపు దాకా రంధ్రం వేసి స్క్రూలకు బదులు బోల్టు, నట్టు బిగిస్తే ఛానెల్ కదలదు. క్యాబినెట్లను పక్కపక్కన ఆనించి నిలబెడతాం కనుక నట్లు ఎవరికీ కనిపించవు. అలా ఒకటి చేసి, సొరుగులో 45 కిలోల ఇనుము పెట్టి పది రోజులు తెరిచి ఉంచాను. వెంట్రుకవాసి కూడా దిగలేదు. బలం విషయంలో అది సరైన పరిష్కారమేనని ఇప్పటికీ అంటాను. అయితే షీట్ మందం కూడా నిలకడగా లేదు. మందం కొలిచే కాలిపర్‌తో కొలిస్తే ఒకే షీట్‌లో ఒక మూల 17.7, మరో మూల 16.9 మి.మీ. వచ్చింది. క్యాబినెట్ అడుగు చెక్క కూర్చునే గాడిని నేను తీసేది 17.8 మి.మీ. వెడల్పుకు. 16.9 ఉన్న చోట చెక్క అందులో గలగలలాడుతుంది, ఆ సందును జిగురుతో నింపాలి. కనిపించని నట్లకు మనసు ఒప్పుకున్నా, వదులు గాడికి ఒప్పుకోలేదు. ఆ షీట్లన్నీ ఇప్పుడు సరుకు పంపే పెట్టెలుగా మారుతున్నాయి. నష్టం నాది, దానిని మీ ధరలో కలపను.

ఛానెళ్ల విషయం క్లుప్తంగా చెబుతాను. ఈ గొడవ తరువాత కొందరు, సొరుగు అడుగున దాగి ఉండి దానిని నెమ్మదిగా మూసే సాఫ్ట్ క్లోజ్ ఛానెళ్లకు మారమని సలహా ఇచ్చారు. వంటగదికి అవి చక్కగా ఉంటాయి. వర్క్‌షాప్‌లో మాత్రం మేము పక్కన బిగించే బాల్ బేరింగ్ ఛానెళ్లనే కొనసాగిస్తాం. రంపపు పొట్టు చేరితే వాటిని బయటికి తీసి తుడుచుకోవచ్చు, పాడైతే మీరే మార్చుకోవచ్చు. ఎందుకంటే ఆ రకంలో చాలావాటికి ఒక్కో పక్క 12.7 మి.మీ. సందు చాలు, ఒక తయారీదారుది దొరకకపోతే మరొకరిది అదే చోట కూర్చుంటుంది. బరువైన పనిముట్ల సొరుగులకు అడుగు చెక్క కూడా ఇకపై 6 బదులు 12 మి.మీ. వేస్తాం. మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే బలం ఎనిమిది రెట్లవుతుంది కనుక, ఆ అదనపు చెక్క దండగ కాదు.

మీ క్యాబినెట్ ఈ 40 షీట్లలోనిదో కాదో తెలుసుకోవడానికి అన్నిటికంటే కింది సొరుగును బయటికి తీసి, పక్క చెక్క ముందరి అంచున పొరలు లెక్కపెట్టండి. 13 ఉంటే మీకు దిగులు అక్కరలేదు. 9 ఉంటే ఆ అంచు ఫోటో తీసి పంపండి. సొరుగులు ఇంకా వాలకపోయినా సరే, పక్క చెక్కలు మార్చి ఇస్తాం. అప్పటిదాకా బరువైన సామాను కింది సొరుగులోకి మార్చుకోండి, రెండు సొరుగులను ఒకేసారి పూర్తిగా తెరవకండి.

కొత్త షీట్లు వచ్చాయి. ఈసారి ప్రతిదాన్నీ తూచాను, నాలుగు అంచులూ చూశాను, ఎనిమిది చోట్ల మందం కొలిచాను. 30లో రెండింటిని తిప్పి పంపాను; ఈ షీట్లు పంపినవారు మారుమాట లేకుండా మార్చి ఇచ్చారు. కొత్త ఆర్డర్లు మూడు వారాలు ఆలస్యమవుతాయి, ఎందుకంటే ముందు పాతవి సరిచేయాలి. సొరుగు సామాను తూచి లెక్క పంపిన ఆ ఖాతాదారు క్యాబినెట్ నిన్న సాయంత్రం మొదటి బండిలో వెళ్లింది.