అరకు టూర్ ప్రకటనల్లో ఆగే సమయం కూడా వేయాలి

సంపాదకులకు,

చలికాలం మొదలైతే విశాఖ నుంచి అరకుకు ఒక్కరోజు టూర్ల ప్రకటనలు పత్రికల్లో వరస కడతాయి. ఎన్ని చోట్లు చూపిస్తారో పెద్దక్షరాల్లో ఉంటుంది, ఏ చోట ఎంతసేపు ఆగుతారో మాత్రం ఉండదు. రెండు మూడు రోజుల కోసం విశాఖ వచ్చే కుటుంబం అడ్వాన్సు కట్టేముందు అడగాల్సింది ఆ రెండోదే.

లెక్క చూడండి. శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఘాట్ మలుపుల్లో బస్సుకు మూడున్నర గంటలు పడుతుంది. రానూపోనూ ఏడు గంటలు రోడ్డు మీదే పోతాయి. టిఫినుకీ భోజనానికీ కలిపి గంటన్నర. ఉదయం ఆరింటికి బయల్దేరి రాత్రి ఎనిమిదింటికి తిరిగొస్తే, చూడటానికి మిగిలేది ఐదున్నర గంటలు. అందులో బొర్రా గుహలకే గంటన్నర కావాలి. టికెట్ క్యూ ఉంటుంది, లోపల తడిగా జారే మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి. గిరిజన మ్యూజియానికి, పద్మాపురం తోటకు చెరో ముప్పావు గంట. చాపరాయి జలపాతం అరకు దాటాక పాడేరు దారిలో ఉంది కాబట్టి వెళ్లిరావడంతో కలిపి ఇంకో గంటన్నర. ఇక మిగిలేది ఒక్క గంట. కాఫీ తోట, గాలికొండ వ్యూపాయింట్ దానిలోనే సర్దుకోవాలి. ఆ జాబితాలో కటికి జలపాతం కూడా ఉందంటే, దాని కోసం వేరొకటి వదిలేస్తున్నట్టే. అక్కడికి వేరే జీపు మాట్లాడుకోవాలి, ఆపైన కొంత నడవాలి.

వెలుతురు సంగతి ఇంకా ముఖ్యం. డిసెంబరులో ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది. గాలికొండను తిరుగుప్రయాణంలో పెట్టిన టూరులో అక్కడికి చేరేసరికి లోయ చీకట్లో ఉంటుంది. వ్యూపాయింట్లు ఘాట్ ఎక్కేటప్పుడు చూపిస్తారా, దిగేటప్పుడా అని అడిగి తీరాలి.

పైకి రైల్లో వెళ్లి కిందికి బస్సులో దిగే ప్యాకేజీ నా దృష్టిలో మంచిదే. కిరండూల్ ప్యాసింజర్ ఉదయం ఏడింటిలోపే విశాఖ వదులుతుంది, అరకు చేరడానికి దాదాపు నాలుగు గంటలు. అయితే ఈ లైను ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిలా గనుల ఇనుప ఖనిజం కోసం వేసింది. గూడ్సు రద్దీ ఎక్కువ, ప్యాసింజరు ఆలస్యం కావడం మామూలే. ఇలాంటి ప్యాకేజీల్లో బొర్రా గుహలు చివరికి వస్తాయి, రైలు గంట ఆలస్యమైతే కోత పడేదీ వాటి మీదే. "రైలు ఆలస్యమైతే ఏది తీసేస్తారు?" అని ముందే అడగండి. సూటిగా జవాబివ్వని ఏజెంటు దగ్గర బుక్ చేసుకోకపోవడం మేలు. సొంతంగా వెళ్లేవాళ్లయితే బొర్రాగుహలు స్టేషన్లోనే దిగి, ముందు గుహలు చూసుకుని, అక్కణ్నుంచి బండి మాట్లాడుకుని అరకు వెళ్లొచ్చు. ఘాట్ అందం చాలావరకు అప్పటికే చూసేసి ఉంటారు. ఈ రైలుకుండే అద్దాల బోగీలో (విస్టాడోమ్) సీట్లు సెలవు రోజుల్లో తొందరగా అయిపోతాయి, ముందే రిజర్వేషన్ చేయించుకోవాలి.

నలభై మంది బస్సు కంటే పన్నెండు మంది టెంపో ట్రావెలర్ నయం. పెద్ద బస్సులో ఎక్కి దిగడానికే ఆగిన ప్రతిచోటా పావుగంట పోతుంది. గుహలో గైడు మాట వెనకున్నవాళ్లకు వినిపించదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే గుహల మెట్ల గురించి ముందే చెప్పండి. ఘాట్‌లో కడుపు తిప్పేవాళ్లకు ముందు సీట్లు అడిగి రాయించుకోవాలి.

ధరలో ప్రవేశ టికెట్లు, కెమెరా రుసుము, పార్కింగ్, డ్రైవర్ బత్తా, కటికి జీపు ఉన్నాయో లేదో, ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ వేస్తారో లేదో వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోవాలి. నోటిమాట మీద నడిచిన బేరాలే దారిలో గొడవలవుతాయి.

ఊళ్లో తిరిగే రోజును సోమవారం పెట్టుకోవద్దు, ఆ రోజు బీచ్ రోడ్డులోని కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి సెలవు. అరకు ప్రయాణం సోమవారానికి జరిపితే సరిపోతుంది. సింహాచలాన్ని ఏ సిటీ టూరులోనూ కలపకండి, దర్శనం క్యూ ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

టూర్ ప్రకటన తీసుకునేటప్పుడు ప్రతి చోటికీ ఆగే సమయం, తిరిగి విశాఖ చేరే సమయం రాసివ్వమని మీ ప్రకటనల విభాగం అడగాలని కోరుతున్నాను. రెండు లైన్ల జాగా చాలు. పర్యాటక శాఖ కూడా తన ప్యాకేజీలతోనే ఈ పని మొదలుపెట్టాలి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం