శనివారాల సంగతి

కవిటి,
ఆదివారం

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. మీ అమ్మ మోకాలికి నూనె రాసుకోమంటే రాసుకోదు. తిత్లీ తుఫాను తరువాత వేసిన కొబ్బరి మొక్కలు ఈ ఏడు గెలలు వేశాయి. పొడుగు రకానికి ఆరేడేళ్లు పడుతుందని తెలిసినా ఏటా మొవ్వు వైపు తల ఎత్తి చూసేవాణ్ణి.

మూడు శనివారాలుగా నువ్వు ఫోను ఎత్తడం లేదు. పనుంటుంది, నేనేమీ అడగడం లేదు. పలాస అత్త మాత్రం పెళ్లిపందిట్లో అందరూ వింటుండగా, 'మీ పిల్ల హైదరాబాద్‌లో ఎవరో మానసిక నిపుణురాలి దగ్గరకు వెళుతోందట' అంది. ఆవిడ సంగతి నీకు తెలిసిందే. మీ చిన్నాన్నకు అజీర్తి చేస్తే గుండెపోటని ఊరంతా చెప్పింది.

జీడిపప్పు పంపుతున్నాను. డబ్బా మూత గట్టిగా పెట్టు.

ఊరికే తెలుసుకుందామని 14416కు ఫోను చేశాను. మనసు బాగోలేని వాళ్ల కోసం 2022 అక్టోబరులో ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ అనే ఫోను సేవ అది. డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. స్నేహితుడి కూతురి గురించి అడుగుతున్నానన్నాను. ఫోను ఎత్తినావిడ ఓపికగా చెప్పింది. మందులు రాసే మానసిక వైద్యులు వేరు, మాటలతో చికిత్స చేసేవారు వేరట. చిన్నపిల్లలు మనసులో మాట చెప్పలేరు కాబట్టి ముందు బొమ్మలు, ఇసుక, రంగులు ఇచ్చి ఆడనిస్తారట. ఎదిగే పిల్లలతో విడిగా మాట్లాడతారట. ప్రాణాపాయం లాంటిది ఉంటే తప్ప ఆ మాటలు మామూలుగా తల్లిదండ్రులకు చేరవేయరట. పెద్దవాళ్లయితే, భయం వేసినప్పుడు మనసులో ఏ ఆలోచన మెదిలిందో కాగితం మీద రాయించి, అదెంతవరకు నిజమో వాళ్లచేతే తేల్చుకోనిస్తారట. భయపెట్టే దాని దగ్గరకు కొంచెం కొంచెంగా తీసుకెళతారట. చివర, 'మీ స్నేహితుడు నిద్రపోతున్నారా?' అని అడిగింది. లైను కట్ చేశాను.

2018 అక్టోబరు 11, తిత్లీ వచ్చిన తెల్లవారుజాము. నీకు పదమూడేళ్లు. మీ అమ్మ పుట్టింట్లో ఉంది. పాక కూలితే ఆవు చచ్చిపోతుందని పలుపు విప్పడానికి వెళ్లాను. చెట్ల కోసం వెళ్లానని నువ్వనుకుంటావు, కాదు. గడియ పెట్టుకో, ఇప్పుడే వస్తానన్నాను. దారికి అడ్డంగా చెట్టు పడింది, దాని మీద ఇంకొకటి. గోడ వారన కూర్చుండిపోయాను. వెలుగు వచ్చాక వచ్చి తలుపు కొడితే నువ్వు తీయలేదు. గడియ పట్టుకుని నిలబడి ఉన్నావని నాయనమ్మ తరువాత చెప్పింది. నేను తలుపు తన్ని, చెవులు పనిచేయడం లేదా అని అరిచాను. తోటంతా నేలకూలిన కోపం నీ మీద చూపించాను. ఆ తరువాత గాలి వీచినప్పుడల్లా నువ్వు లేచి గడియ చూసేదానివి. తాయెత్తు కట్టించాను. చదువులో మంచి మార్కులు వచ్చాయి కదా, తగ్గిపోయిందనుకున్నాను.

ఆ నిపుణురాలి దగ్గరకు వెళ్లకూడదని నేను అనడం లేదు. మనిషన్నాక ధైర్యం ఉండాలి, పొద్దున్నే లేవాలి, రాత్రి ఫోను పక్కన పెట్టాలి, వేళకు తినాలి. నువ్వు ఇవేవీ చేయవు. సరే, అది వదిలెయ్. ఆవిడ చదువు, అనుభవం కనుక్కున్నావా? ఫీజు ఎంత? డబ్బు చాలకపోతే నన్నడుగు, స్నేహితుల దగ్గర అప్పు చేయకు. ఖాళీ కడుపుతో వెళ్లకు. ఏడిస్తే తలనొప్పి వస్తుంది, నీకు చిన్నప్పటినుంచీ అంతే.

నా గురించి చెప్పాల్సి వస్తే చెప్పు. తలుపు తన్నిన సంగతి కూడా చెప్పు. ఆవు సంగతి కూడా చెప్పు.

దసరాకు వస్తావో లేదో ముందే రాయి, రైలు టిక్కెట్లు దొరకవు. ఆ గడియ ఇన్నాళ్లూ బిగుసుకునే ఉంది. నిన్న నూనె వేశాను, ఒక వేలితో తీయవచ్చు.

నాన్న